ఎంత తాగినా తూలని మనిషి

పెళ్ళిళ్ళలో, జాతరల్లో, పండగ మరునాడు అరుగుల మీద పెద్దవాళ్ళు చెప్పుకునే మాటలు మీరు వినే ఉంటారు. "ఫలానా ఆయన ఉన్నాడే, సీసా ఖాళీ చేసినా మాట తడబడదు. సైకిలెక్కి తిన్నగా ఇంటికి పోతాడు" అంటారు. ఆ మాటలో కొంత మెచ్చుకోలు కూడా ఉంటుంది. అదే ఇంకొకాయన ఒక్క గ్లాసుకే తల పట్టుకుని కూర్చుంటే అతన్ని చూసి నవ్వుతారు. "వీడి ఒంట్లో సత్తువ లేదు" అని తేల్చేస్తారు.

ఈ ఇద్దరిలో తాగుడుకు బానిస అయ్యే ప్రమాదం ఎవరికి ఎక్కువ? ఒక్క నిమిషం పత్రిక మూసి ఆలోచించండి. నేను తరగతిలో ఈ ప్రశ్న వేసినప్పుడు దాదాపు అందరూ తల పట్టుకున్నవాడి పేరే చెప్పారు. బలహీనుడు కదా, వాడే పడిపోతాడని వారి లెక్క. శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేసి చూస్తే తేలిన జవాబు దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది. అది ఎట్లా తేలిందో, నిద్రమాత్రలకూ దీనికీ ఉన్న చుట్టరికం ఏమిటో చూద్దాం.

దత్తత పిల్లలు చెప్పిన సంగతి

తాగుడు కొన్ని కుటుంబాల్లో తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వస్తుందని మనవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. అయితే కుటుంబంలో రావడం వేరు, పుట్టుకతో రావడం వేరు. తెలుగు మాట్లాడటం కూడా కుటుంబంలో వచ్చేదే. అంతమాత్రాన తెలుగుకు ఒక జన్యువు ఉందని ఎవరూ అనరు కదా! తండ్రి తాగుతుంటే చూసి కొడుకు నేర్చుకున్నాడా, లేక తండ్రి ఇచ్చిన జన్యువులలోనే ఏదైనా ఉందా? రెండూ ఒకే ఇంట్లో కలగాపులగంగా ఉంటే విడదీయడం ఎట్లా?

దీనికి ఒక మంచి ఉపాయం ఉంది. పుట్టగానే వేరే ఇంటికి దత్తత వెళ్ళిన పిల్లల్ని వెదకాలి. జన్యువులు ఒక ఇంటివి, పెంపకం ఇంకొక ఇంటిది. డెన్మార్కు దేశంలో దత్తతల రికార్డులు ఎంతో జాగ్రత్తగా రాసిపెట్టారు. అమెరికాకు చెందిన డోనాల్డ్ గుడ్విన్ అనే వైద్యుడు, అతని డేనిష్ సహచరులు ఆ రికార్డుల్లోంచి 55 మంది మగవాళ్ళను ఎంచుకున్నారు. వీరి కన్నవారిలో ఒకరు తాగుడుకు బానిసలు. పిల్లలు మాత్రం పుట్టిన ఆరు వారాల లోపే బంధువులు కాని ఇళ్ళకు వెళ్ళిపోయారు. పోల్చి చూడటానికి, కన్నవారిలో తాగుడు లేని 78 మంది దత్తత కొడుకులను కూడా తీసుకున్నారు. పెద్దయ్యాక ఎవరు ఎట్లా ఉన్నారో చూశారు.

1973లో అచ్చయిన ఫలితం ఇది. మొదటి గుంపులోని 55 మందిలో 10 మంది తాగుడుకు బానిసలయ్యారు, అంటే 18 శాతం. రెండవ గుంపులోని 78 మందిలో 4 గురు, అంటే 5 శాతం. కన్నతండ్రి ముఖం కూడా ఎరగని పిల్లలలో ప్రమాదం మూడు నాలుగు రెట్లు పెరిగింది! పెంపకం ఒక్కటే కారణం కాదని దీనితో తేలింది.

ఇదే లెక్కను ఇంకొక వైపునుంచి కూడా చదవాలి. చాలా పుస్తకాలు ఆ పని చెయ్యవు. 55 మందిలో 10 మంది బానిసలయ్యారంటే 45 మంది కాలేదు. అంటే తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది తాగుడు కాదు. వేరే ఏదో వచ్చింది. ఆ ఏదో ఏమిటి?

రక్తంలో సమానం, మెదడులో తేడా

అమెరికాలోని శాన్ డియాగో నగరంలో మార్క్ షుకిట్ అనే మానసిక వైద్యుడు 1970ల చివర్లో ఈ ప్రశ్నను పట్టుకున్నాడు. అతను ఎంచుకున్న యువకులు ఇరవై ఏళ్ళ ప్రాయంవాళ్ళు. మద్యం రుచి ఎరిగినవారే, కాని ఇంకా ఎవరూ దానికి బానిసలు కాలేదు. సగం మంది తండ్రులు తాగుబోతులు. మిగతా సగం మంది కుటుంబాల్లో ఆ చరిత్ర లేదు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క జోడీని కుదిర్చాడు. వయసు, చదువు, అప్పటివరకు ఉన్న తాగుడు అలవాటు, అన్నీ ఇద్దరిలోనూ ఇంచుమించు సమానంగా ఉండేట్టు చూసుకున్నాడు. ఈ జాగ్రత్త ఎందుకో ఊహించగలరా? ఎక్కువగా తాగేవాడికి మద్యం అలవాటు పడి మత్తు తక్కువగా ఎక్కుతుంది. ఆ తేడాను పుట్టుకతో వచ్చిన తేడా అని పొరపడకూడదని.

ప్రతివారికీ శరీరం బరువును బట్టి కొలిచి, ఆల్కహాలును సోడా వంటి పానీయంలో కలిపి ఇచ్చారు. మరొక రోజు ఆల్కహాలు లేని పానీయం ఇచ్చారు. తరువాత మూడు సంగతులు కొలిచారు. ఒకటి, రక్తంలో ఆల్కహాలు ఎంత ఉందో. రెండు, "నీకు ఎంత మత్తుగా ఉంది?" అని అడిగి వాళ్ళు చెప్పిన అంకెలు. మూడవది తమాషాగా ఉంటుంది. మనిషిని కదలకుండా నిలబెట్టి, ఛాతీకి పట్టీ కట్టి, దానికి తాళ్ళు తగిలించి, ఒక నిమిషంలో ఒళ్ళు ఎన్ని సెంటీమీటర్లు అటూ ఇటూ ఊగిందో లెక్కపెట్టారు. తాగినవాడి తూలుడును స్కేలుతో కొలిచారన్నమాట.

రక్తంలోని ఆల్కహాలు రెండు గుంపుల్లోనూ ఒకటే. జీర్ణాశయంలో, కాలేయంలో తేడా ఏమీ లేదు. అయినా తాగుబోతుల కొడుకుల్లో చాలామంది "అంత మత్తుగా లేదు" అన్నారు. ఒళ్ళు కూడా తక్కువగా ఊగింది. కాబట్టి వాళ్ళది ఒట్టి బింకం కాదు. మెదడే ఆ మందుకు తక్కువగా స్పందిస్తోంది.

ప్రయోగం అంతటితో ఆగి ఉంటే ఇదొక వింతగా మిగిలిపోయేది. షుకిట్ దాదాపు పదేళ్ళు ఓపిక పట్టి అదే మనుషులను మళ్ళీ వెదికి పట్టుకున్నాడు. 1994లో ప్రకటించిన ఫలితం చూడండి. తాగుబోతుల కొడుకుల్లో, ఇరవై ఏళ్ళప్పుడు మత్తు తక్కువగా ఎక్కినవారిలో 56 శాతం మంది ఆ పదేళ్ళలో బానిసలయ్యారు. అదే గుంపులో మత్తు బాగా ఎక్కినవారిలో 14 శాతం మందే అయ్యారు. ఇద్దరి తండ్రులూ తాగుబోతులే. వారిలో తేడా ఆ తూలుడులో ఉంది!

ఎందుకిట్లా? ప్రెషర్ కుక్కరును తలచుకోండి. లోపల ఆవిరి పెరుగుతుంటే విజిల్ వేస్తుంది, అమ్మ వచ్చి మంట తగ్గిస్తుంది. విజిల్ మొరాయించిన కుక్కరు నిశ్శబ్దంగా ఉంటుంది. చూడటానికి అదే బుద్ధిమంతురాలిలా కనిపిస్తుంది. లోపల ఆవిరి మాత్రం పెరుగుతూనే ఉంటుంది. తల తిరగడం, మాట తడబడటం, "ఇక చాలు" అనిపించడం మన మెదడు వేసే విజిళ్ళు. అవి ఆలస్యంగా మోగే మనిషి తోటివారి కంటే రెండు గ్లాసులు ఎక్కువ తాగుతాడు. ఆ రెండు గ్లాసులతో మెదడు మరింత అలవాటు పడుతుంది. రేపటికి నాలుగు కావాలి. మరో సంగతి, అతని కాలేయానికి ఈ మినహాయింపు ఏమీ లేదు. రక్తంలో ఉన్నంత ఆల్కహాలూ దాన్ని కాలుస్తూనే ఉంటుంది.

దీనికి సరిగ్గా ఎదురుగా ఉండే జన్యువు కూడా ఒకటుంది. జపాను, చైనా, కొరియా దేశాల్లో చాలామందికి ఆల్కహాలు విరిగినప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడు అనే విషపదార్థాన్ని తొలగించే ఎంజైము సరిగా పని చెయ్యదు. ఒక్క గుక్కకే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతి వచ్చినట్లవుతుంది. వారిలో తాగుడుకు బానిసలయ్యేవారు చాలా తక్కువ. విజిల్ మరీ గట్టిగా మోగే కుక్కర్లు అవి.

రెండు మందులకు ఒకటే తలుపు

ఇప్పుడు నిద్రమాత్రల దగ్గరకు వద్దాం. మెదడులోని నాడీకణాలు ఒకదాన్నొకటి ఎంతసేపూ "మోగు, మోగు" అని తరుముతూ ఉంటే మనం మూర్ఛపోతాం. అందుకే మెదడుకు బ్రేకు కూడా ఉంది. దాని పేరు గాబా. ఇది చిన్న అణువు. మెదడులో ఇది ఉందని 1950లో కనిపెట్టారు. నాడీకణం పైపొరలో గాబా కోసం ప్రత్యేకమైన తలుపులుంటాయి, వీటిని గ్రాహకాలంటారు. ఒక్కొక్క తలుపు అయిదు ప్రోటీను ముక్కలు గుండ్రంగా నిలబడి చేసిన గొట్టం లాంటిది. గాబా వచ్చి తగలగానే గొట్టం తెరుచుకుని క్లోరైడ్ అయాన్లు లోపలికి పోతాయి. వాటిది ఋణావేశం కనుక కణం లోపల ఋణావేశం పెరిగి, ఆ కణం మోగడం కష్టమవుతుంది. మెదడు నెమ్మదిస్తుంది.

నిద్రమాత్రల్లో చాలా వాటి పని ఈ తలుపు దగ్గరే. డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మందులు తలుపు పక్కన ఒక మూలలో కుదురుకుని, గాబా వచ్చినప్పుడు తలుపు మరిన్నిసార్లు తెరుచుకునేట్టు చేస్తాయి. అంతకు ముందు తరానికి చెందిన బార్బిట్యురేట్లు తెరిచిన తలుపును మూసుకోనివ్వవు. ఎక్కువ మోతాదులో ఇస్తే గాబా లేకపోయినా తామే తెరిచేస్తాయి, అందుకే అవి అంత ప్రమాదకరం. ఆల్కహాలు కూడా ఈ తలుపు మీద పని చేస్తుంది. అది ఇంకా చాలా తలుపులు తడుతుందనుకోండి, ఆల్కహాలు ఏ ఒక్కదానితోనూ సరిపెట్టుకునే రకం కాదు.

ఈ మందుల పుట్టుక కూడా చెప్పుకోదగ్గదే. లియో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అమెరికాలోని రోష్ కంపెనీ ప్రయోగశాలలో కొన్ని పదార్థాలు తయారుచేసి, పనికిరావని పక్కన పెట్టేశాడు. 1957లో బల్లలు శుభ్రం చేస్తుంటే వాటిలో పరీక్ష చెయ్యకుండా మిగిలిన ఒక పొడి కనిపించింది. పారేసే ముందు ఒకసారి పరీక్షకు పంపారు. జంతువులు ప్రశాంతంగా పడుకున్నాయి! అదే 1960లో లిబ్రియం పేరుతో, దాని తమ్ముడు డయాజిపామ్ 1963లో వాలియం పేరుతో బజారులోకి వచ్చాయి. మెదడులో అవి అతుక్కునే చోటును 1977లో కాని కనిపెట్టలేదు. తాళం ఏదో తెలియకుండానే లోకమంతా పదిహేడేళ్ళపాటు తాళంచెవిని వాడింది.

రెండు మందులకూ ఒకటే తలుపు అని ఎట్లా నమ్మడం? ఆసుపత్రిలో దీనికి రోజూ సాక్ష్యం కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి బాగా తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, మూర్ఛలు వస్తాయి. డాక్టర్లు అప్పుడు ఇచ్చే మందు డయాజిపామో, లిబ్రియమో. మద్యం ఖాళీ చేసిన చోటును మాత్ర తాత్కాలికంగా నింపుతుంది. ఆ తరువాత కొలతగా తగ్గిస్తూ పోతారు.

అట్లా అయితే మద్యానికి తక్కువగా స్పందించే మెదడు నిద్రమాత్రకు కూడా తక్కువగానే స్పందించాలి కదా? సరైన ప్రశ్నే. జవాబు కోసం ముందు ఎలుకల దగ్గరకు పోదాం.

ఏటవాలు పలక మీద ఎలుకలు

ఫిన్లాండు రాజధాని హెల్సింకీలో ఆల్కో అనే ప్రభుత్వ మద్యం సంస్థకు పరిశోధనశాల ఉండేది. మద్యం అమ్మే సంస్థే దాని చెడును పరిశోధించడం వింతగా అనిపించవచ్చు కాని, అక్కడ మంచి పని జరిగింది. వాళ్ళు ఎలుకను ఒక గరుకు పలక మీద నిలబెట్టి, పలకను మెల్లగా ఏటవాలుగా లేపేవారు. ఏ కోణం దగ్గర ఎలుక జారిందో రాసుకునేవారు. తరువాత దానికి ఆల్కహాలు ఇచ్చి మళ్ళీ అదే పరీక్ష. కొన్ని ఎలుకలు త్వరగా జారాయి, కొన్ని గట్టిగా పట్టుకున్నాయి. త్వరగా జారినవాటిని వాటిలో వాటికి, జారనివాటిని వాటిలో వాటికి జతకట్టించారు. మన రైతులు విత్తనాలు ఏరినట్లే తరం తరువాత తరం ఏరుతూ పోతే రెండు వేర్వేరు జాతులు తయారయ్యాయి, ఒకటి మద్యానికి ఓర్చుకోనిది, మరొకటి ఓర్చుకునేది.

డయాజిపామ్ ఇచ్చి చూస్తే విశేషం బయటపడింది. మద్యానికి త్వరగా జారే ఎలుకలే డయాజిపామ్‌కు కూడా త్వరగా జారాయి. ఏరింది ఆల్కహాలుతోనే అయినా నిద్రమందు తేడా కూడా వెంట వచ్చింది!

ఎసా కోర్పి, అతని సహచరులు 1993లో 'నేచర్' పత్రికలో దీని గుట్టు విప్పారు. ఒళ్ళు తూలకుండా నిలబెట్టేది అనుమస్తిష్కం, అంటే చిన్నమెదడు. అక్కడి కణాల్లో గాబా తలుపు కట్టడానికి ఆల్ఫా-6 అనే ప్రత్యేకమైన ప్రోటీను ముక్క వాడతారు. మామూలుగా ఆ ముక్క ఉన్న తలుపు డయాజిపామ్‌ను లెక్కచెయ్యదు. త్వరగా జారే ఎలుకల్లో ఆ ముక్కలోని 100వ స్థానంలో ఉండవలసిన అర్జినిన్ అనే అమైనో ఆమ్లం బదులు గ్లుటమిన్ ఉంది. నాలుగు వందలకు పైగా అమైనో ఆమ్లాల గొలుసులో ఒక్క పూస మారింది. దానితో ఆ తలుపు డయాజిపామ్‌కు లొంగిపోతుంది, ఎలుక జారుతుంది. మద్యానికి అవి జారడం కూడా ఈ ఒక్క పూస వల్లేనా అనే దాని మీద తరువాత చాలా వాదన జరిగింది. డయాజిపామ్ విషయంలో మాత్రం సందేహం లేదు.

పరుగెత్తే కళ్ళు

మనుషుల్ని ఏటవాలు పలక మీద నిలబెట్టలేం. వేరే కొలత కావాలి. మీ స్నేహితుణ్ణి పుస్తకం చదవమని, ఎదురుగా కూర్చుని అతని కళ్ళను గమనించండి. కళ్ళు వరస వెంట జారుతున్నట్లు సాగవు. పిచ్చుకలాగా గంతులు వేస్తాయి. ఆగుతాయి, మళ్ళీ గెంతుతాయి. ఈ గంతు ఎంత వేగంగా వేయాలో మన ఇష్టం మీద ఆధారపడి ఉండదు. డయాజిపామ్ ఇస్తే గంతు వేగం తగ్గుతుంది, మందు ఎక్కువైనకొద్దీ మరింత తగ్గుతుంది. "నాకేం మత్తుగా లేదు" అని నోరు అబద్ధం చెప్పవచ్చు కాని, కన్ను చెప్పలేదు. నాకు ఈ ప్రయోగాలన్నిటిలో ఎంతో నచ్చిన ఉపాయం ఇదే.

అమెరికాలోని సియాటిల్ నగరంలో డెబొరా కౌలీ బృందం 1990ల మొదట్లో ఈ పరీక్ష చేసింది. తాగుబోతుల కొడుకులకూ, ఇతరులకూ డాక్టర్ల సమక్షంలో డయాజిపామ్ ఇచ్చి కంటి గంతులు కొలిచారు. తాగుబోతుల కొడుకుల్లో గంతు వేగం తక్కువగా తగ్గింది. ఆ తరువాత 1999లో ఇదే సియాటిల్ బృందం, మరికొందరు జన్యుశాస్త్రజ్ఞులు కలిసి, తల్లిదండ్రుల్లో తాగుడు ఉన్న కొందరి ఆల్ఫా-6 జన్యువును చదివారు. అదే, ఎలుకల్లో మారిన ముక్క! కొందరిలో 385వ స్థానంలో ప్రోలిన్ బదులు సెరిన్ ఉంది. అట్లాంటివారి కళ్ళు డయాజిపామ్‌కు తక్కువగా లొంగాయి. ఎలుకలో పూస మారితే మందు ఎక్కువ పనిచేసింది, మనిషిలో వేరొక పూస మారితే తక్కువ పనిచేసింది.

అంతా ఇంత చక్కగా అతుక్కుంటే బాగుండేది. షుకిట్ తానే 1991లో డయాజిపామ్‌తో ప్రయోగం చేస్తే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బోస్టన్‌లో 1989లో ఆల్ప్రజోలామ్ ఇచ్చి చూసినవారికి ఇంకొక ఫలితం వచ్చింది. తాగుబోతుల కొడుకులకు ఆ మాత్రతో హాయి, సంతోషం ఇతరుల కంటే ఎక్కువగా కలిగాయి! ఒకరు తక్కువ అన్నారు, ఒకరు తేడా లేదన్నారు, మరొకరు ఎక్కువ అన్నారు. వీరిలో ఎవరు తప్పు?

ఎవరూ తప్పు కాకపోవచ్చు. మత్తు అనే ఒక్క మాటలో మనం చాలా సంగతులు కట్టగట్టేస్తాం. ఒళ్ళు తూలడం చిన్నమెదడు పని, నిద్ర రావడం వేరొక భాగం పని, హాయి అనిపించడం ఇంకొక భాగం పని. ఒకే మనిషికి తూలుడు తక్కువగా, హాయి ఎక్కువగా ఉండవచ్చు. ప్రమాదమంతా అట్లాంటి కలయికలోనే ఉంది. కొందరు శాస్త్రజ్ఞులు మరో మాట అంటారు. న్యూయార్కులో 1984లోనూ, మన బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 1995లోనూ తాగుబోతుల దగ్గరి రక్తసంబంధీకుల మెదడు తరంగాలను పరీక్షించారు. ఏదైనా కొత్త గుర్తును పసిగట్టినప్పుడు మెదడులో ఒక తరంగం లేస్తుంది. వారిలో అది చిన్నదిగా ఉంది. న్యూయార్కు పరీక్షలో ఉన్నది 7 నుంచి 13 ఏళ్ళ బాలురు, మద్యం ముట్టనివారు. వీరి మెదడులో బ్రేకు పుట్టుకతోనే కొంచెం వదులని, అందుకే బయటనుంచి వచ్చే బ్రేకు, అది మద్యం కానివ్వండి, మాత్ర కానివ్వండి, వారికి మరీ సుఖంగా తోస్తుందని ఒక సిద్ధాంతం.

కల్లు కుండలో మాత్రలు

ఇదంతా దూరదేశాల ప్రయోగశాలల గొడవ అనుకోకండి. తాటిచెట్టు, ఈతచెట్టు నుంచి దిగిన నీరాలో ఆల్కహాలు ఉండదు. కొన్ని గంటల్లో ఈస్టు దాన్ని పులియబెట్టి సుమారు 5 శాతం ఆల్కహాలున్న కల్లుగా మారుస్తుంది. చెట్లు తక్కువ, తాగేవాళ్ళు ఎక్కువ అయినచోట వ్యాపారులు నీళ్ళు కలుపుతారు. నీళ్ళ కల్లు ఎవరికీ ఎక్కదు. అందుకని మత్తు కోసం క్లోరల్ హైడ్రేటు, డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ కలపడం తెలంగాణ జిల్లాల్లో చాలా ఏళ్ళుగా జరుగుతూ వచ్చింది. ఈ మూడూ గాబా తలుపు మీద పని చేసేవే.

2015లో అధికారులు కల్తీకల్లు మీద గట్టిగా దాడులు చేసి సరఫరా ఆపారు. కొద్ది రోజుల్లోనే నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ వైపు నుంచీ, హైదరాబాదు నుంచీ జనం ఆసుపత్రులకు పరుగులు పెట్టారు. చేతులు వణకడం, పిచ్చి మాటలు, మూర్ఛలు, మెడ ఒక పక్కకు తిరిగిపోవడం. కల్లు మానేస్తే పిచ్చెక్కుతుందని ఊళ్ళల్లో చెప్పుకున్నారు. 5 శాతం ఆల్కహాలు పని అది కాదు. రోజూ తమకు తెలియకుండానే నిద్రమందు మింగినవారి మెదడు ఆ బయటి బ్రేకుకు అలవాటు పడి, తన సొంత బ్రేకును తగ్గించుకుంది. బయటి బ్రేకు హఠాత్తుగా తొలగిపోతే కణాలన్నీ ఒక్కసారిగా మోగాయి. అందుకే ఇట్లాంటివారిని ఇంట్లో గదిలో పెట్టి గొళ్ళెం వేసి మాన్పించాలని చూడకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు మందు ఇచ్చి మెట్టు మెట్టుగా దించాలి.

మద్యం మీద నిద్రమాత్ర వేసుకోవడం ఇంకా ఘోరం. శ్వాసను నడిపే కేంద్రం మెడుల్లాలో ఉంటుంది. రెండు మందులు కలిసి దాన్ని నొక్కితే నిద్రలోనే ఊపిరి ఆగవచ్చు. తూలని మనిషికి ఇక్కడ ప్రమాదం ఎక్కువ. "నాకేం కాలేదు కదా" అని ఇంకొక గ్లాసు తాగుతాడు, నిద్ర పట్టలేదని ఇంకొక మాత్ర వేసుకుంటాడు. చిన్నమెదడు ఓర్చుకుంది కదా అని మెడుల్లా కూడా ఓర్చుకుంటుందన్న హామీ ఏదీ లేదు. మీ ఇంట్లో ఎవరికైనా డాక్టరు నిద్రమాత్ర రాసినా, ఆపరేషనుకు మత్తు ఇవ్వబోతున్నా, తాగుడు అలవాటు ఉంటే ఉన్నదున్నట్లు చెప్పాలి. కుటుంబంలో తాగుడు ఉందన్న సంగతి కూడా చెప్పవలసిందే. చక్కెరజబ్బు ఉందని చెప్పడానికి సిగ్గుపడతామా?

ఒక విద్యార్థి ప్రశ్న

ఈ పాఠం చెప్పిన సాయంత్రం ఒక తొమ్మిదో తరగతి కుర్రాడు అందరూ వెళ్ళేదాకా ఆగి అడిగాడు. "మాస్టారూ, మా నాన్న రోజూ తాగుతాడు. నాకూ వస్తుందా?"

అతనికి చెప్పిందే మీకూ చెబుతాను. కవలల మీద, దత్తత పిల్లల మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి 2015లో లెక్కవేస్తే, తాగుడుకు బానిస కావడంలో అనువంశికత వాటా సుమారు సగం అని తేలింది. సగం అంటే తాగుబోతు పిల్లల్లో సగం మంది తాగుబోతులవుతారని కాదు. జనంలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాల్లో సగం జన్యువుల తేడాల వల్ల, మిగతాది పరిసరాల వల్ల అని అర్థం. ఒక్కడి జాతకం అందులోంచి చదవలేం. ఆ సగం కూడా ఒక జన్యువుది కాదు. ఆల్ఫా-6 వంటివి ఎన్నో ఉన్నాయి, ఒక్కొక్కటి చేసేది ఇసుమంత. డెన్మార్కు దత్తత కొడుకుల్లో 45 మంది సంగతి కూడా అతనికి చెప్పాను. పలకను ఏటవాలుగా లేపితేనే కదా ఎలుక జారేది. తండ్రినుంచి ఎట్లాంటి జన్యువు వచ్చినా, గ్లాసు ముట్టనివాడి విషయంలో అది బయటపడే సందర్భమే రాదు.

"మరి నేను తాగినా నాకు ఎక్కకపోతే?" అన్నాడు. తెలివైన కుర్రాడు. ఎక్కకపోతే మరింత భయపడాలని చెప్పాను.

షుకిట్ కూడా ఇదే దారిలో ఆలోచించాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా కొలతలు తీసిన తరువాత, 2010 దాటాక, తన విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన విద్యార్థులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. ఒక గుంపుకు మద్యం గురించి మామూలుగా చెప్పే జాగ్రత్తలను వీడియోలుగా చూపించారు. ఇంకొక గుంపుకు అవే జాగ్రత్తలు, కాని "నీకు మత్తు తక్కువగా ఎక్కుతుందంటే నీలో విజిల్ ఆలస్యంగా మోగుతుందన్నమాట" అనే సంగతిని ఆధారం చేసుకుని చెప్పారు. ఆ తరువాత నెలల తరబడి ఎవరెంత తాగుతున్నారో అడిగి రాసుకున్నారు. మత్తు తక్కువగా ఎక్కే విద్యార్థుల్లో తాగుడు ఎక్కువగా తగ్గింది ఈ రెండవ రకం వీడియోలు చూసినవారిలోనే.